లొద్ది నడక పీఠభూమి మీద మొదలవుతుంది

(అచ్చంపేటలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కరపత్రంలో ‘నల్లమల లోయల్లో సాహస నడక’ అని వేశారు. సాహసం అన్న మాటకు ముందు వరసలో కొందరి కళ్లు మెరుస్తున్నాయి. వాళ్లను కాస్త నిరాశపరచక తప్పదు. ఇవాళ నేను చెప్పబోయే దాంట్లో సగానికి పైగా లోయ గురించి కాదు, లోయ పైన ఉన్న నేల గురించి. లొద్దిలోకి, అంటే వాగు తొలిచిన ఇరుకు లోయలోకి, ఎలా దిగాలని ఎవరు అడిగినా నా జవాబు ఒకటే: ముందు దాని నెత్తిన ఏముందో చూసి రండి. నీళ్లు అక్కడి నుంచే వస్తాయి, రాళ్లు అక్కడి నుంచే పడతాయి, దారి తెలిసిన మనుషులు అక్కడే ఉంటారు, లోపలికి పోనిచ్చే చెక్‌పోస్టూ అక్కడే ఉంది.

శ్రీశైలం రోడ్డు మీద మీరంతా బస్సులో పోయినవాళ్లే. మన్ననూరు దాటాక వటువర్లపల్లి, దోమలపెంట మీదుగా పోతుంటే చాలా దూరం అడవి చదునుగానే కనిపిస్తుంది. కొండల్లో ఉన్నామన్న సంగతే మరిచిపోతాం. ఈగలపెంట దాటి ఘాట్ మలుపులు తిరుగుతుంటే ఒక్కసారిగా కాళ్ల కింద నేల లేనట్టుగా కృష్ణ కనిపిస్తుంది. అదీ అమ్రాబాద్ పీఠభూమి స్వభావం. పైన బల్లపరుపు, అంచున నిలువు కోత. ఆ అంచుల్లో వాగులు తొలుచుకుంటూ పోయినచోటల్లా ఒక లొద్ది ఏర్పడింది.

రాయి సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. ఇక్కడ రెండు రకాల రాళ్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. అడుగున గ్రానైట్. దేవరకొండలోనూ భువనగిరిలోనూ మీరు చూసే గుట్టల జాతి అదే. వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. దాని మీద క్వార్ట్‌జైట్ పొరలు. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు, కడప బేసిన్ రాళ్లలో ఒకటిగా లెక్కిస్తారు. ఇది ఒకప్పుడు నీటి అడుగున పరుచుకున్న ఇసుక. గట్టిపడి రాయి కావడం జరిగి వంద కోట్ల ఏళ్లు దాటింది. నమ్మకం కుదరకపోతే ఈసారి లొద్దిలో నడిచేటప్పుడు పక్కకు ఒరిగి పడి ఉన్న పలకలను చూడండి. కొన్నిటి మీద వరసగా అలలు తీరి ఉంటాయి. వేలు పెట్టి తడిమితే ఒక్కొక్క గీత స్పష్టంగా తెలుస్తుంది. ఒక వాలు నిదానంగా, రెండో వాలు కొంచెం నిటారుగా ఉంటే నీరు ఏ వైపు పారిందో కూడా చెప్పవచ్చు. నిటారు వాలు ఉన్న దిక్కుకే పారింది. ఏ ప్రాణికీ కన్నంటూ లేని కాలంలో ఒక ప్రవాహం ఎటు పోయిందో మీ వేలికి తెలుస్తోందన్నమాట. నాకు పులి కనబడిన దానికంటే ఇదే పెద్ద విశేషం. పులి కనిపించదు కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకోవచ్చు, అదీ నిజమే.

ఈ పొరలు ఇక్కడ పెద్దగా మడతలు పడకుండా, దాదాపు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. వాటిని నిలువుగా చీలుస్తూ పగుళ్లున్నాయి. అడ్డం పొర, నిలువు పగులు. ఈ రెండూ కలిస్తే రాయి పెట్టెల్లా ముక్కలవుతుంది. కాబట్టి లొద్ది గోడలు నిలువుగా ఉంటాయి, అడుగు మెట్లు మెట్లుగా దిగుతుంది, ఒక్కో మెట్టు దగ్గర చిన్న జలపాతం, దాని కింద గుండం. ఈ అడవిలోని మల్లెల తీర్థం జలపాతం దగ్గర జరిగింది ఇదే. సలేశ్వరంలో జరిగిందీ ఇదే. గోడ పక్కన గదంత బండలు అడ్డదిడ్డంగా పడి ఉంటే అవి ఎప్పుడో పడ్డవని తేలిగ్గా తీసుకోవద్దు. అంచులు పదునుగా, ముఖం తెల్లగా ఉంటే అది కొత్తగా విరిగిన రాయి. దాని కింద కూర్చుని అన్నం మూట విప్పకండి.

ఇక నీళ్లు. వాన నీటిలో కొంత ఈ పగుళ్లలో ఇంకుతుంది. అడుగు గ్రానైట్ లాంటి నీరు చొరబడని పొర తగిలేదాకా దిగుతుంది, అక్కడి నుంచి పక్కకు తిరిగి, గోడలో ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికి వస్తుంది. ఇది చూడటానికి లొద్దిలోకి కూడా పోనక్కర్లేదు. మీ ఊరి పక్కనే ఉన్న ఉమామహేశ్వరం చాలు. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని మనం మొక్కే క్షేత్రం. గుడి మీదికి వంగి ఉన్న కొండ చరియ కింద, పాపనాశనం దగ్గర, ఎండాకాలంలోనూ రాతిలోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. పైన కొండ మీద అడవి ఉంది కాబట్టి ఆ నీరుంది. అడవి వాన వేగాన్ని ఆపి ఇంకిస్తుంది. చెట్టు పోతే నీరు ఇంకడం మానేసి జారిపోతుంది. ఎండాకాలంలో ఊట ఆగిపోతుంది, వానాకాలంలో వరద రెట్టింపవుతుంది.

వరద మాట వచ్చింది. ఇవాళ్టి ప్రసంగంలో ఇంకేదీ గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఇది గుర్తు పెట్టుకోండి. పెంకుటింటి కప్పంతా తడిసిన వాన చూరు మూలలో ఒక్క ధారగా పడుతుంది కదా. పీఠభూమి ఆ కప్పు, లొద్ది ఆ మూల. పైన నాలుగైదు కిలోమీటర్ల మేర కురిసిన వాన అంతా రెండు గోడల మధ్య పది అడుగుల సందులోకి వచ్చి చేరుతుంది. పైన మట్టి పలచన, రాయి ఎక్కువ. కాబట్టి రావడానికి ఎక్కువసేపు పట్టదు. మీరు అడుగున నిలబడి తలెత్తితే కనిపించేది ఒక చీలికంత ఆకాశం. అది నీలంగా ఉంటే ‘వాన లేదులే’ అనుకుంటారు. వాన మీ తల మీద పడనక్కర్లేదు.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో ఆంటెలోప్ కాన్యన్ అని ఉంది. నవాజో ప్రజల భూమిలో ఉన్న ఇరుకు లోయ. 1997 ఆగస్టు 12న అక్కడ 11 మంది పర్యాటకులు వరదలో కొట్టుకుపోయారు. లోయ దగ్గర కురిసిన వాన లెక్కలోకి రాదు. కుంభవృష్టి కొన్ని మైళ్ల ఎగువన పడింది. రెండేళ్ల తర్వాత, 1999 జులై 27న స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్ దగ్గర సాక్సెటెన్ వాగులో 21 మంది చనిపోయారు. వాళ్లలో దారి చూపే గైడ్లు ముగ్గురు. అంటే అనుభవం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. అక్కడి వాతావరణం వేరు, రాయి వేరు, లెక్క మాత్రం మన లెక్కే: ఎగువన ఏం జరుగుతోందో దిగువన ఉన్నవాళ్లకు తెలియలేదు.

లొద్దిలో ఉన్నప్పుడు వరద వస్తోందని ముందే తెలుస్తుందా? కొన్నిసార్లు తెలుస్తుంది. తేటగా పారుతున్న నీరు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరుగుతుంది. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా తేలి వస్తాయి. ఎగువ నుంచి లారీ వస్తున్నట్టు మోత వినిపిస్తుంది, గాలి చల్లగా కొడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దిగువకు పరిగెత్తకండి. నీటితో పందెం వేసి గెలవలేరు. పక్కకు, పైకి ఎక్కాలి. సంచి వదిలేయండి, ఫోను వదిలేయండి. ఎంత ఎత్తుకు ఎక్కాలి అంటే, అది లొద్దే చెబుతుంది. దిగేటప్పుడు పక్కనున్న చెట్ల కొమ్మల పంగలు చూస్తూ రండి. ఎండిన గడ్డి, వెదురాకులు, ఒక్కోసారి ఎవరిదో తెగిన చెప్పు, గుత్తిగా చిక్కుకుని ఉంటాయి. నిటారుగా నిలబడి చెయ్యెత్తినా అందనంత ఎత్తులో ఉంటాయి. పోయిన వానాకాలం నీరు అంతవరకు వచ్చిందని రాసిపెట్టిన గుర్తు అది. ఆ గీతకు పైన నిలబడటానికి చోటు ఎక్కడెక్కడ ఉందో దారి పొడవునా గమనిస్తూ నడవడమే లొద్ది నడకలో అసలు పని. ఫోటోలు తర్వాత.

మన పెద్దలకు ఇది తెలియదనుకోవద్దు. సలేశ్వరం జాతర ఎప్పుడు జరుగుతుంది? చైత్ర పౌర్ణమికి. వానలు ముగిసి నెలలు గడిచాయి, వాగు నెమ్మదించింది, ఊట మాత్రం ఉంది, దాంతో జలపాతం పూర్తిగా ఎండదు. అక్కడి శివుడు లింగమయ్యను చూడటానికి అంతకన్నా మంచి అదను లేదు. పూజ చేసేది చెంచులే. కిందికి దిగుతూ ‘వస్తున్నాం లింగమయ్యా’ అని, పైకి వస్తూ ‘పోతున్నాం లింగమయ్యా’ అని జనం కేకలు పెడతారు. భక్తి సంగతి అలా ఉంచితే, ఆ కేకలు దారిలో ఎంత పనికొస్తాయో నడిచినవాళ్లకు తెలుసు. మలుపు అవతల ఎక్కేవాళ్లు ఉన్నారో దిగేవాళ్లు ఉన్నారో, ఎంత దగ్గర ఉన్నారో చెవితోనే పోల్చుకోవచ్చు. ఒకవైపు గోడ, మరోవైపు పాతాళం ఉన్న బాటలో అది చిన్న సాయం కాదు.

అయితే చైత్రం అదను వరద నుంచి కాపాడుతుంది గానీ ఎండ నుంచి కాపాడదు. పైగా ఇప్పుడు వచ్చే జనం వేరు. బాట అంతే ఇరుకు, జనం మాత్రం లక్షల్లో. తోపులాటలో, ఊపిరాడక, గుండె ఆగి మనుషులు చనిపోయిన సంవత్సరాలున్నాయి. దీనికొక కారణం లోయ నడకలోనే ఉంది. గుట్ట ఎక్కేవాడు కష్టమైన పని పొద్దున్నే, ఒంట్లో సత్తువ ఉండగా చేస్తాడు. అలసిపోతే దిగివస్తాడు. లొద్దికి పోయేవాడు హాయిగా దిగుతాడు, స్నానం చేస్తాడు, తింటాడు, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం, రాళ్లు పెనంలా కాలుతున్న వేళకు ఎక్కడం మొదలుపెడతాడు. నీళ్ల సీసా అప్పటికే ఖాళీ. మల్లెల తీర్థంలో సుమారు 350 మెట్లు. దిగేటప్పుడు లెక్కపెట్టేవాళ్లు ఎక్కేటప్పుడు లెక్క మానేస్తారు. కాబట్టి తెచ్చుకున్న నీటిలో సగానికి పైగా ఎక్కడానికే ఉంచుకోండి. వయసు మళ్లినవారు, రక్తపోటు ఉన్నవారు మీతో ఉంటే తెల్లవారుజామున దిగి, ఎండ ముదరకముందే పైకి వచ్చేయండి.

ఇప్పుడు మనుషుల గురించి. 1943లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త ఈ చెంచుల మీద ఒక పుస్తకం రాశాడు. పరిశోధకులు ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు. మనకు కావలసింది అంతకంటే చిన్న విషయం. లొద్ది గోడలకు పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. చెంచులు పైనుంచి తాడు కట్టుకుని గాలిలో వేలాడుతూ ఆ తేనె తీస్తారు. పైన తాడు పట్టుకునేది బావమరిది అని చెబుతారు. తాడు వదిలితే తన అక్కచెల్లెలే కదా విధవరాలయ్యేది! పర్వతారోహణ శిక్షణలో తాడు పట్టేవాడిని ఎలా ఎంచుకోవాలో పేజీలకు పేజీలు పాఠాలుంటాయి. ఇంత క్లుప్తంగా తేల్చిన పాఠం నేను చూడలేదు. గోడకు నల్లగా వేలాడుతున్న తేనెపట్టు కనిపిస్తే మీరు మాత్రం గొంతు తగ్గించి, సెంటు వాసన, సిగరెట్ పొగ లేకుండా, రాయి విసరకుండా దాటిపోండి. ఆ ఈగలు లేస్తే పరిగెత్తడానికి లొద్దిలో చోటుండదు.

ఫ్రాన్స్‌లో వెర్డన్ అని ఒక పెద్ద లోయ ఉంది. 1905లో మార్టెల్ అనే గుహల పరిశోధకుడు దాన్ని అడుగునుంచి దాటాడు. ఆ బృందంలో దగ్గరి ఊరి బడిపంతులు ఇసిడోర్ బ్లాంక్ ఉన్నాడు. ఇప్పుడు ఆ బాట పేరు ‘బ్లాంక్-మార్టెల్ బాట’. ఊరి పంతులు పేరే ముందుంది. మన లొద్దులన్నిటికీ దారి చూపింది చెంచులు. ఏ ఒక్క బాటకూ వాళ్లలో ఒకరి పేరు లేదు. వీడియో తీసి ‘ఎవరూ చూడని జలపాతాన్ని కనుగొన్నాం’ అని పెట్టే మిత్రులారా, ఎవరూ చూడని జలపాతానికి మిమ్మల్ని తీసుకుపోయింది ఎవరు? ఆ మనిషికి రోజు కూలి ఇచ్చారా, కనీసం పేరు అడిగారా?

అసలు పెద్ద లోయలో మనం నడవలేమన్న సంగతి కూడా చెప్పాలి. నల్లమలను కోసుకుంటూ కృష్ణ తవ్విన లోయ అడుగు ఇవాళ నీటి కింద ఉంది. సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590. సాగర్ నిండితే దాని వెనుక జలాలు శ్రీశైలం ఆనకట్ట పాదాల దాకా వస్తాయి. సాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఈ మధ్యలో నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. మన నల్గొండ వైపు ఏలేశ్వరం మునిగింది. ఎగువన సోమశిల దగ్గర పాత గుళ్లను ఊడదీసి పైకి తెచ్చి కట్టారు. నల్గొండ పొలాలకు ఆ నీళ్లు ఎంత అవసరమో నాకు తెలుసు కాబట్టి విలపించను. కానీ పడవలో పోతూ రెండు వైపులా గోడలు చూసి ‘ఎంత ఎత్తో’ అని ఆశ్చర్యపోతున్నప్పుడు, మీరు చూస్తున్నది పై భాగమేనని తెలిసి ఉండాలి. నడిచేవాళ్లకు మిగిలింది ఉపలోయలు, అంటే పక్కల నుంచి వచ్చి కలిసే వాగుల లొద్దులు.

పటం గురించి రెండు మాటలు. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ పటాలు దొరుకుతాయి. ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు, ఎత్తు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, 20 మీటర్లకు ఒకటి. గీతలు ఒకదాన్నొకటి తాకేలా ఉంటే నిలువు గోడ. గీతలు మొన తేలి ఏ వైపుకు పొడుచుకుపోతే వాగుకు అది ఎగువ. ఇంతవరకు పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకం నొక్కి చెప్పనిది ఒకటుంది: రెండు గీతల మధ్య 15 మీటర్ల నిలువు జలపాతం ఒకటి హాయిగా దాక్కోగలదు. పటం మీద సాఫీగా ఉన్న వాగు నేల మీద అయిదంతస్తుల మేడంత గోడగా ఎదురుకావచ్చు. ఫోనులో జీపీఎస్ ఉందిగా అంటారు. అడుగున ఆకాశం కనిపించేదే చీలికంత. ఉపగ్రహాల సంకేతం గోడలకు కొట్టుకుని వస్తుంది. మీరు వాగులో ఉంటే అది మిమ్మల్ని కొండ మీద చూపిస్తుంది.

అనుమతి సంగతి త్వరగా ముగిస్తాను. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా సందర్శకులకు అడవి మూసేస్తారు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. ఇవన్నీ అటవీ శాఖ వేధింపులని విసుక్కునేవాళ్లను చూశాను. వాన నెలల్లో మూసివేత గురించి మాత్రం ఎవరితోనూ వాదించను, ఎందుకో ఇందాకే చెప్పాను.

ఇంకొక్క మాట, ప్రసంగంలో లేనిదే కానీ చెప్పకపోతే మనసొప్పదు. గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న ఆ అతుకు దగ్గరే యురేనియం ఉందని నల్గొండలో లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల ప్రాంతాల్లో తవ్వి చూశారు. అమ్రాబాద్ మీద కూడా కన్ను పడింది. జనం ఎదురు తిరిగారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. యురేనియం ఎక్కడ కూర్చుంటుందో, పైనుంచి దిగిన నీరూ అక్కడే పక్కకు తిరుగుతుందని ఇప్పుడు మీకు తెలుసు. మిగతాది మీరే ఆలోచించుకోండి.

ఇక ప్రశ్నలు.

గుండంలో దూకవచ్చా అని ఆ చివర కూర్చున్న తమ్ముడు అడుగుతున్నాడు. దూకవద్దు. పోయిన ఏడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు వరద ఒక బండను తెచ్చి పెట్టి ఉంటుంది. నీళ్లు నల్లగా ఉంటే మీకు కనిపించదు. దిగాలనిపిస్తే ఒడ్డునుంచి నడుచుకుంటూ దిగు, కర్రతో తడుముతూ.

తాడు ఎక్కడ నేర్చుకోవాలని ఈ అమ్మాయి అడిగింది. భువనగిరి గుట్ట మీద రాళ్లు ఎక్కే శిక్షణ ఇస్తారు. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట అడుగులు వేసింది అక్కడే. కానీ అక్కడ పొడి గ్రానైట్, పట్టు దొరుకుతుంది. లొద్దిలో తడి క్వార్ట్‌జైట్, దాని మీద పాచి. అక్కడ నేర్చిన కాలును ఇక్కడ అంతే నమ్మవద్దు. తాడు ఉన్నా లేకపోయినా, తిరిగి ఎక్కలేని చోట కిందికి జారకండి. జారడం క్షణం పని. అవతల ఇంకో గోడ అడ్డం వస్తే ముందుకూ వెనక్కూ దారి లేకుండా మధ్యలో ఇరుక్కుంటారు.

మొదట ఎక్కడికి పోవాలి? ముందు ఉమామహేశ్వరం పోండి, పాపనాశనం దగ్గర ఊట ఏ పొర కిందినుంచి వస్తోందో వెతకండి. తర్వాత నవంబరులో, వాగులో నీళ్లుండగానే, అనుమతి తీసుకుని మల్లెల తీర్థం. మెట్లు దిగే ముందు జలపాతానికి పైన ఉన్న వాగు ఏ దిక్కు నుంచి వస్తోందో అక్కడి వాచర్‌ను అడిగి తెలుసుకోండి. సలేశ్వరానికి జాతర రద్దీలో కాకుండా వేరే రోజుల్లో పంపుతారా అని అడుగుతున్నారు. సాధారణంగా పంపరు. మన్ననూరులో అడిగి చూడండి, కాదంటే తిరిగి వచ్చేయండి. బస్సు టైమైంది, దూరం పోయేవాళ్లు లేవండి.